తూర్పు గోడ

పెద్ద మేస్త్రీ గారు పొద్దున కాఫీ కూడా ముట్టలేదు.

నిన్న సాయంత్రం మునిసిపల్ ఆఫీసులో మీటింగు మధ్యలోంచి లేచి వచ్చేసిన మనిషి, వచ్చింది మొదలు ముందుగదిలో కిటికీ పక్క కుర్చీ వదల్లేదు. రాత్రి భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నారు. పొద్దున పెట్టిన కాఫీ మీగడ కట్టి, చల్లారి, చివరికి మొక్కల పాలైంది. సముద్రంలో ముదిరిన తుఫాను రేపు మధ్యాహ్నానికి ఒడ్డు దాటుతుందని రేడియో చెబుతోంది. ఈ ఇంట్లో మాత్రం అది నిన్ననే దాటినట్టుంది. గిన్నె మూత కిందపడినా అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

కోడలు వంటగది గుమ్మంలో నిలబడి ఆయన వీపు చూస్తోంది. ఆ వీపు తనని చూడకుండా ఉండటానికే అటు తిరిగి ఉందని ఆమెకి తెలుసు.

గాలివానలు కొట్టే ఊళ్ళకి వెళ్ళి, ఏ ఇల్లు ఎంత గాలికి ఆగుతుందో, ఏ కప్పు ముందు లేస్తుందో, జనాన్ని ఎక్కడ దాచాలో లెక్కకట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. ఊరంతా ఆమెని గాలి ఇంజనీరమ్మ అంటుంది. అత్తవారి ఊరి పని ఒప్పుకోవద్దని ఆమె పైఅధికారి చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. ఆమె చెవిన వేసుకోలేదు. సొంతవాళ్ళే తన మాట వినకపోతే పరాయివాళ్ళు ఏం వింటారని ఎదురు వాదించి మరీ ఒప్పుకుంది.

నిన్న మీటింగులో ఆమె చెప్పింది ఒక్కటే మాట. ఈసారి జనాన్ని మిట్ట మీది హాల్లో పెట్టొద్దు, తూర్పు వైపు తెరుచుకునే చోటు మరీ పెద్దది, ఆ గాలికి కప్పు నిలవదు అంది. అంతే, వెనక వరసలోంచి ఎవరో, పెద్ద మేస్త్రీ కట్టింది నిలవకపోతే ఈ ఊళ్ళో ఇంకేం నిలుస్తుందమ్మా అన్నారు. కొందరు నవ్వారు. పెద్ద మేస్త్రీ గారు చేతికర్ర వెతుక్కుని లేచారు. ఆ హాలు ఆయన కట్టిందే. సొంత కోడలు పదిమంది ముందు తన తల కొట్టేసిందని ఆయన అనుకున్నారు. అనుకోవడం ఏమిటి, ఇంటికి రాగానే భార్యతో ఆ మాటే అన్నారు.

ఆ తర్వాత కోడలితో ఒక్క మాట లేదు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే భార్య ద్వారానే.

"ఇంజనీరు గారిని అడుగు," అన్నారు కిటికీవైపే చూస్తూ. "మన వంటింటి గోడ రేపు ఉంటుందా, పోతుందా? పోయేదైతే ఇప్పుడే గిన్నెలు తీసి బయటపెట్టుకుందాం."

అత్తగారు అటూ ఇటూ చూసి నిట్టూర్చింది. "మీ ఇద్దరి మధ్యా టెలిఫోను స్తంభంలా నిలబడ్డం నా వల్ల కాదు. అదిగో, ఆ పిల్ల అక్కడే ఉంది. మీ నోటితో మీరే అడగండి."

ఆయన అడగలేదు.

వంటగదిలోకి వచ్చాక అత్తగారు గొంతు తగ్గించింది. "పెళ్ళి మాటలప్పుడు అమ్మాయి ఏం చదివిందంటే గాలి చదువు అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు నవ్వు రావట్లేదమ్మా. నువ్వు చెప్పింది తప్పని నేననను. కానీ ఆ మాట ముందు ఇంట్లో చెప్పాల్సింది. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది."

చెప్పాలనే అనుకున్నానని కోడలు అంది. హాలు సంగతి అందరూ ఖాయమే అనుకోవడం వల్ల దాన్ని ఆఖరికి ఉంచాననీ, లెక్క నిన్న మధ్యాహ్నానికి గానీ తేలలేదనీ, సాయంత్రానికల్లా ఏదో ఒకటి తేల్చి చెప్పమని మునిసిపాలిటీవాళ్ళు పట్టుబట్టారనీ చెప్పుకొచ్చింది. అదంతా నిజమే. చెప్పనిది ఇంకొకటి ఉంది. ఆఫీసులో దొరికిన పాత నక్షాలో హాలు తూర్పు గోడ నిండుగా ఉంది, మధ్యలో రెండు స్తంభాలతో. ఆమె వెళ్ళి చూసేసరికి అక్కడ గోడా లేదు, స్తంభాలూ లేవు. లారీ దూరేటంత వెడల్పున పైకి చుట్టుకునే ఇనుప షట్టరు ఉంది.

మోకాళ్ళ ఆపరేషను అయినప్పటినుంచి మామగారు మిట్ట మెట్లు ఎక్కలేదు. షట్టరు పెట్టేనాటికి ఆయన పట్నంలో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. ఆయనకి ఇంట్లో చెప్పింది తలుపు కాస్త వెడల్పు చేశారని. చెప్పిందెవరో కూడా ఆమెకి తెలుసు.

*

భర్త పెరట్లో నీళ్ళ ట్యాంకుకి తాళ్ళు కడుతున్నాడు.

అతన్ని ఊళ్ళో చిన్న మేస్త్రీ అంటారు. తండ్రి పనే చేస్తాడు. తండ్రి మనుషులే, తండ్రి సామానే. ఆ పేరంటే అతనికి ఒళ్ళు మంట, కానీ ఎవరైనా అలా పిలిస్తే పలుకుతాడు.

ఆమె గోడకి ఆనుకుని నిలబడింది. ముడి బిగిసినా అతను ఇంకా బిగిస్తూనే ఉన్నాడు.

"తూర్పు గోడలో స్తంభాలు ఎవరు తీశారు?"

అతను తాడు వదల్లేదు. "పొద్దున్నే మొదలుపెట్టావా?"

"మొన్న అడిగితే ఎప్పటిదో అన్నావు. మీ నాన్న ఆసుపత్రిలో ఉన్నప్పటిదని నిన్న హాలు వాచ్‌మన్ చెప్పాడు."

అతను నీళ్ళు నమిలాడు. తర్వాత తాడు చివర చేతికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. హాలు కమిటీవాళ్ళు వచ్చారు. ప్రదర్శనలు పెట్టాలంటే తూర్పు దారిన బళ్ళు లోపలికి రావాలన్నారు. ఆ గోడ తీసి షట్టరు పెట్టడం అయ్యే పనేనా అని అడిగారు. అప్పటిదాకా ఎవరేం అడిగినా అతని నోట వచ్చే జవాబు ఒకటే, నాన్నని అడిగి చెప్తాను అని. ఆ రోజు అలా అనలేదు. అవుతుంది అన్నాడు. తండ్రిని అడక్కుండా ఒప్పుకున్న మొదటి పని అది. స్తంభాలు తీసి పైన గట్టి ఇనుప గర్డరు వేశాడు. ఈ రోజుకీ ఎక్కడా చిన్న పగులు లేదు.

"కప్పు బరువు కిందికి ఎంత దిగుతుందో లెక్క వేశాను," అన్నాడు. "అది పైకి లేస్తుందని నాకెవరు చెప్పారు?"

"నన్ను అడిగితే నేను చెప్పేదాన్ని."

"నువ్వు ఇంట్లో ఎప్పుడున్నావు అడగడానికి? ఆ నెలంతా ఏ ఊళ్ళో ఎవరి కప్పులు కొలుస్తున్నావో నాకు తెలీదు."

ఇది పాత దెబ్బే. ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.  ఇద్దరూ కాసేపు ట్యాంకువైపు చూశారు, దానికేదో అయినట్టు.

చివరికి అతనే గొంతు తగ్గించాడు. హాలు ఎలాగూ వద్దని చెప్పేశావు కదా, అక్కడితో ఆపు అన్నాడు. తుఫాను వెళ్ళనీ, తర్వాత నేనే స్తంభాలు తిరిగి పెట్టిస్తాను, నాన్నకి తెలియాల్సిన పనిలేదు అన్నాడు.

"ఆయన తన కట్టడమే తప్పనుకుని నిన్నటినుంచి పస్తున్నారు," అంది ఆమె.

"ఒక పూట పోతే ఆయనే తింటారు. నేను చేశానని తెలిస్తే మాత్రం..." అతను మళ్ళీ ముడి బిగించసాగాడు.

*

ఊళ్ళో మందుల షాపు నడిపే ఆవిడే మునిసిపల్ ఛైర్మన్. అందరూ ఛైర్మనమ్మ అంటారు. మాటలో మొహమాటం ఉండదు. నిన్న మీటింగు కాగానే ఇంజనీరమ్మని పక్కకి పిలిచి మరీ చెప్పింది: "వద్దు అనడానికైతే మీరెందుకు, మా ఆయన చాలు. ఎక్కడ పెట్టాలో చెప్పండి."

ఇంజనీరమ్మ చెప్పింది. ఉత్తరపు వీధులవాళ్ళకి బజారు బడి. రెండంతస్తుల కాంక్రీటు మేడ, చిన్న చిన్న గదులు, బలమైన అడ్డుగోడలు, దాన్ని ముందే చూసి సంతకం పెట్టింది. రేవు వీధివాళ్ళకి కోల్డ్ స్టోరేజీ. మందపాటి గోడలు, కాంక్రీటు కప్పు, ఎత్తైన అరుగు, కిటికీలు లేవు. పెట్టెలు బయటికి చేరవేసి, మిషన్లు ఆపేసి, గాలి ఆడేలా వెనక తలుపులు కూడా తీసి ఉంచమంది. మేనేజరు గొణుక్కుంటూనే పొద్దుటికల్లా ఖాళీ చేయించాడు.

ఆమె అక్కడికి వెళ్ళేసరికి లోపల శుభ్రంగా కడిగి ఉంది. మంచినీళ్ళ డ్రమ్ములు వచ్చాయి. దీపాలు వచ్చాయి. మనుషులే రాలేదు.

ఛైర్మనమ్మ గుమ్మంలో నిలబడి మిట్టవైపు చెయ్యి చూపించింది. రేవు వీధి వీధంతా మూటలు నెత్తిన పెట్టుకుని హాలు మెట్లు ఎక్కుతోంది. మైకు బండి వాళ్ళ పక్కనే నడుస్తూ కోల్డ్ స్టోరేజీకి పొమ్మని అరుస్తోంది. దారిన పోయేవాళ్ళకి బ్యాండు మేళం అడ్డొచ్చినట్టు జనం దాన్ని తప్పించుకుని పోతున్నారు. హాలుకి తాళం వేసుంటుంది కదా అని ఇంజనీరమ్మ అంటే, వాచ్‌మన్ వాళ్ళ వీధివాడే, తీసేశాడంది ఛైర్మనమ్మ.

ఇద్దరూ వెళ్ళి మెట్ల కింద అడ్డం నిలబడ్డారు. చేపలమ్మే ఒకావిడ చంకలో మనవరాలితో ఆగింది. మిగతావాళ్ళు ఆవిడ వెనక ఆగారు.

"పోయినసారి గాలికి మా వీధిలో ఒక్క ఇంటికి కప్పు మిగల్లేదు," అందావిడ. "మేమంతా ఈ హాల్లోనే కూర్చున్నాం. పైన రేకు ఒక్కటి కదిలితే ఒట్టు. పెద్ద మేస్త్రీ కట్టిన చోటు కాదని, ఆ కూరగాయల కొట్లోకి పొమ్మంటావేంటమ్మా?"

అప్పుడు తూర్పు గోడ ఉంది. ఆ మాట ఇంజనీరమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. గోడ తీసిందెవరంటే ఏం చెప్పాలి? గాలి గురించి చెప్పింది, షట్టరు గురించి చెప్పింది. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. విని, పక్కనుంచి ఎక్కిపోయారు.

పోలీసుల్ని పిలిచి దింపించగలను, గానీ వాళ్ళు వెళ్ళగానే మళ్ళీ ఎక్కుతారంది ఛైర్మనమ్మ. కాసేపాగి, తన చెప్పులవైపు చూస్తూ అంది. "మీ ఇంటి గొడవ నాకెందుకు. కానీ మీ మామగారు ఒక్క మాట అంటే తప్ప వీళ్ళు కదలరు."

*

మధ్యాహ్నానికి గాలి ఇంకా లేవలేదు. ఎండ మాత్రం అదోలా పసుపు తిరిగింది.

ఇంట్లో అత్తగారు లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళతో కలిసి బజారు బడికి వెళ్ళింది, అక్కడ చేరినవాళ్ళకి వంట చేయడానికి. ఇంట్లో ఈ మొహాలు చూస్తూ కూర్చోవడం కన్నా అదే నయమని చెప్పి మరీ వెళ్ళిందట. ముందుగదిలో మామగారు అలాగే ఉన్నారు. పళ్ళెం మీద పళ్ళెం బోర్లించి ఉంది.

భర్తని ఆమె నడవలో ఆపింది. రేవు వీధంతా హాల్లో చేరిందని చెప్పింది. పిల్లలతో సహా అంది. 

"నాన్నకి నువ్వే చెప్పు," అన్నాడు. "నువ్వు చెప్తే అది లెక్కలా ఉంటుంది. నేను చెప్తే..."

"నేను చెప్పను."

"ఎందుకు?"

"నేను చెప్తే మొగుణ్ణి పట్టిచ్చిన పెళ్ళాన్నవుతాను. ఆయన అదే పట్టుకుని కూర్చుంటారు. మళ్ళీ కోపం నా మీదికే వస్తుంది, వాళ్ళక్కడే ఉంటారు. నువ్వు చెప్తే ఆయన ఇంకేం పట్టుకోవడానికి ఉండదు."

అతను గోడకి చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు. ఆమె తొందరపెట్టలేదు. పెడితే అతను పెరట్లోకి పోతాడని ఆమెకి తెలుసు. తర్వాత అతను మొహం కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, పరీక్షకి పోయే కుర్రాడిలా ముందుగదిలోకి వెళ్ళాడు.

ఆమె నడవలోనే ఉండిపోయింది. లోపల అతని గొంతు వినిపిస్తోంది గానీ మాటలు తెలియడం లేదు. ఆగుతున్నాడు, మొదలుపెడుతున్నాడు, మళ్ళీ ఆగుతున్నాడు. పెద్దాయన గొంతు ఒక్కసారీ లేవలేదు. అరుస్తారనుకుంది. కర్ర విసురుతారనుకుంది. అవేవీ లేవు.

అంతా అయ్యాక కుర్చీ జరిగిన చప్పుడైంది.

"అమ్మాయ్," అని పిలిచారు మామగారు. నిన్నటినుంచి ఆయన ఆమెని పిలవడం అదే మొదలు. "నా చెప్పులు ఎక్కడున్నాయో చూడు. నువ్వు నాతో రా."

*

తూర్పు బళ్ళదారి గొలుసు వేసి మూసేశారు, ఆటో మిట్ట కిందే ఆగింది. కొడుకు ముందు దిగి చెయ్యి అందించాడు. పెద్దాయన ఆ చెయ్యి అక్కడ లేనట్టే దిగి, కోడలి భుజం పట్టుకున్నారు. మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కారు. మోకాలు వంగినప్పుడల్లా ఆయన వేళ్ళు ఆమె భుజంలో దిగబడేవి. ఆయన మూలగలేదు.

హాల్లో అప్పటికే గోడల పక్కన చాపలు పరిచారు. పిల్లలు పరిగెడుతున్నారు. ఎవరిదో స్టవ్వు మూల సర్దుతున్నారు. ఆయన్ని చూడగానే జనం లేచి దారిచ్చారు. మేస్త్రీ గారొచ్చారు, మేస్త్రీ గారొచ్చారని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ గొంతుల్లో నిశ్చింత ఉంది.

ఆయన తిన్నగా తూర్పు వైపు నడిచారు. షట్టరు ముందు ఆగి నేలవైపు చూశారు. స్తంభాలు ఉన్న చోట రెండు చదరాలు కొత్త బండలు, పాతవాటి కన్నా కాస్త తెల్లగా. కర్ర చివరతో ఒకదాన్ని తట్టారు. తల ఎత్తి గర్డరు చూశారు. షట్టరు మీద అరచెయ్యి పెట్టి నెట్టారు. అది గలగలమని లోపలికీ బయటికీ ఆడింది.

"ఇది వంగుతుందా?" అని అడిగారు.

"వంగుతుంది మామయ్యా. అంత వెడల్పున మధ్యలో ఆసరా లేదు. రేపటి గాలికి పట్టాల్లోంచి ఊడిపోతుంది."

"ఊడితే?"

"లోపలికి దూరిన గాలికి ఇంకో దారి ఉండదు. కప్పుని కిందినుంచి తోస్తుంది. పైనుంచి పోయే గాలి అదే కప్పుని పైకి లాగుతుంది. రెండూ ఒక్కసారే..."

"చాలు," అన్నారు.

ఆయన జనంవైపు తిరిగారు. గొంతు పెంచలేదు, పెంచాల్సిన అవసరం రాలేదు.

"ఈ హాలు రేపటి గాలికి ఆగదు. నేను చెప్తున్నాను. సామాను తీసుకుని కోల్డ్ స్టోరేజీకి పొండి."

ఎవరూ కదల్లేదు. వలలు అల్లే ఒకతను ముందుకొచ్చాడు. "మీరు కట్టిందే కదండీ మేస్త్రీ గారూ?"

"నేను కట్టిందే. అందుకే చెప్తున్నాను."

అంతే అన్నారు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేదు. నెపం మొత్తం తన నెత్తినే వేసుకున్నారని ఇంజనీరమ్మకి అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆమె భర్తవైపు చూసింది. అతను తలుపు దగ్గర, లోపలా బయటా కాకుండా నిలబడ్డాడు.

జనం మొహాలు మారుతున్నాయి. ఇన్నాళ్ళూ గాలి వచ్చినప్పుడల్లా పిల్లల్ని ఇందులోనే పడుకోబెట్టుకున్నామని ఎవరో మెల్లిగా అన్నారు. ఆ మెల్లని మాట పెద్దాయన మొహం మీద చరిచినట్టే తగిలింది. అయినా ఆయన చూపు దించలేదు.

చేపలావిడ మనవరాల్ని దింపి ఇంజనీరమ్మ దగ్గరికి వచ్చింది.

"నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పు. ఈయన కట్టడంలోనే తప్పుందా?"

పెద్దాయన వేళ్ళు ఆమె భుజాన్ని గట్టిగా నొక్కాయి. వద్దని.

అవునంటే అయిపోతుంది. జనం దిగిపోతారు. ఒక ముసలాయన పేరు పోతుంది. ఆయనే పోగొట్టుకుంటానంటున్నారు. ఆమె ఉద్యోగంలో ఉన్నదున్నట్టు చెప్పడం తప్ప ఇంకో పని నేర్చుకోలేదు. 

"ఆయన కట్టిన గోడ ఉండి ఉంటే..." అని మొదలుపెట్టింది.

"ఆ గోడ నేను తీశాను," అన్నాడు భర్త తలుపు దగ్గరనుంచి. గొంతు పీలగా వచ్చింది. దగ్గి మళ్ళీ అన్నాడు. "స్తంభాలు కూడా నేనే తీశాను. నాన్నకి తెలీదు. ఆయనకి ఇవాళే చెప్పాను."

తిడతారనుకున్నాడేమో, తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరూ తిట్టలేదు. చేపలావిడ అతన్ని ఎగాదిగా చూసింది. వెనక్కి వెళ్ళి తన చాప చుట్టుకుంది. అది చూసి పక్కావిడ లేచింది. ఆ తర్వాత వరసగా అందరూ లేచారు. మూటలు మళ్ళీ నెత్తికెక్కాయి. అతని పక్కనుంచే ఒక్కొక్కరూ బయటికి నడిచారు. వలలు అల్లే అతను ఎదురుగా ఆగి, అతన్ని ఒకసారి చూసి, మెట్లు దిగాడు.

*

హాలు ఖాళీ అయ్యేసరికి బయట కొబ్బరాకులు కదలడం మొదలుపెట్టాయి.

పెద్దాయన వేదిక అంచున కూర్చున్నారు. కోడలు పక్కన నిలబడింది. నేల మీద ఎవరో మరిచిపోయిన నీళ్ళ సీసా దొర్లుతోంది. ఎవరూ దాన్ని తియ్యలేదు.

కొడుకు దగ్గరికొచ్చాడు. దగ్గరంటే, చెయ్యి చాస్తే అందనంత దగ్గరికి.

"తుఫాను వెళ్ళగానే స్తంభాలు పెట్టిస్తాను నాన్నా," అన్నాడు.

పెద్దాయన అది విన్నట్టే లేదు. గర్డరునే చూస్తున్నారు. ఆయన కళ్ళు ఆ చివరనుంచి ఈ చివరకి, బోల్టు తర్వాత బోల్టు నడుస్తున్నాయి. ఇంజనీరమ్మకి ఆ చూపు తెలుసు. అది కోపంగా ఉన్నవాడి చూపు కాదు. పనివాడి చూపు.

"అతుకు బాగా వేశావు," అన్నారు చివరికి.

కొడుకు తలెత్తాడు. అతని మొహంలో, ఇంత జరిగాక కూడా, ఏదో చిన్న వెలుతురు వచ్చింది. తండ్రి నోట ఆ మాట వినడానికి ఎన్నాళ్ళనుంచి కాచుకున్నాడో.

"మొదటిసారి చేసే చెయ్యి ఇలా ఉంటుంది, జాగ్రత్తగా, భయంగా," అన్నారు పెద్దాయన. "ఇది చూసి నిన్ను ఇంకెవరూ పిలవలేదా?"

కొడుకు తువ్వాలు భుజం మీద సర్దుకున్నాడు.

"నేను అడిగేది ఇంజనీరు ప్రశ్న కాదు, మేస్త్రీ ప్రశ్న. మంచిగా కనబడే పని చేస్తే రెండో పని దానంతటదే వస్తుంది. ఇదొక్కటేనా?"

షట్టరు గాలికి ఒకసారి గలగలమంది. కొడుకు చెమట తుడుచుకున్నాడు. తండ్రిని చూడలేదు, భార్యని చూశాడు. ఆ చూపుతో ఆమెకి జవాబు తెలిసిపోయింది. ఆమె నోరు దానంతటదే అడిగింది.

"ఎక్కడ?"

"బజారు బడిలో," అన్నాడు. "కింద భోజనాల గది. అంతకుముందు అవి రెండు తరగతి గదులు. మధ్య గోడ తీసేశాను."

"అది మొదటినుంచీ అలాగే ఉందని నాతో చెప్పావు. నేను అక్కడే నిలబడి అడిగాను. నక్షా దొరకలేదు, నీకు తెలుసా అని అడిగాను."

"అవును, అలాగే చెప్పాను," అన్నాడు.

  పై అంతస్తు నిలిచేది ఆ అడ్డుగోడల మీదే. పక్కనుంచి తోసే గాలికి ఎదురునిలిచేవీ అవే. అవి కట్టినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయన్న నమ్మకంతోనే ఆ బడి మంచిదని రాసి సంతకం పెట్టింది తను. పరాయివాళ్ళ మాటైతే నేల తట్టి చూసేది. మొగుడి మాట కదాని తట్టలేదు.

పొద్దుటినుంచి ఉత్తరపు వీధులన్నీ ఆ బళ్ళోకే చేరుతున్నాయి. అత్తగారు ఆ గదిలోనే వంటకి కూర్చుని ఉంటుంది.

ఇంజనీరమ్మ ఛైర్మనమ్మకి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది.

పెద్దాయన కర్ర నేలకి ఆనించి లేవబోయారు. మోకాలు సహకరించలేదు. కూలబడబోతుంటే కొడుకు ఒక్క అంగలో వచ్చి చంక కింద చెయ్యి వేసి పట్టుకున్నాడు. ఈసారి ఆయన విదిలించుకోలేదు. కొడుకు మీదే బరువంతా వేసి నిలబడ్డారు.

"ఆ గదిలో మధ్యన ఆసరాకి ఏం పెట్టావు?" అని అడిగారు, చెవిలో చెప్పినంత మెల్లిగా.

ఏమీ పెట్టలేదని కొడుకు తల అడ్డంగా ఊపాడు.